ఉబుంటు 20.04 నుంచి 22.04కి మారుతూ సగంలో ఆగిపోయింది: ఆపేయాలా, ఆగాలా?

పెసరట్టు | శనివారం రాత్రి 10:42

అందరికీ నమస్కారం. బెంగళూరు మారతహళ్ళిలో ఉంటాను. లాప్‌టాప్ నాది కాదు, నాన్నగారిది. 2012 నాటి మూడో తరం ఐ5, 4 జీబీ ర్యామ్, 320 జీబీ పాత హార్డ్ డిస్క్. అందులో విండోస్ బదులు ఉబుంటు అనే ఆపరేటింగ్ సిస్టం 16.04 కాలం నుంచి ఉంది. 18.04, ఆ తర్వాత 20.04 అంటూ ఒక్కో మెట్టూ ఎక్కించుకుంటూ వచ్చాను. 2025 మే నెలతో 20.04కు మామూలు మద్దతు ముగిసిందని రోజూ గుర్తు చేస్తుంటే, ఈ సాయంత్రం ఏడింటికి 22.04కు మార్చడం మొదలుపెట్టాను.

ప్యాకేజీలన్నీ దిగేసరికి తొమ్మిది దాటింది. తర్వాత పచ్చగీత సగం దాకా వచ్చి నిలబడిపోయింది. ఒకటిన్నర గంటగా వెంట్రుకవాసి కూడా జరగలేదు. మౌస్ కదులుతోంది. ఫ్యాను చప్పుడు లేదు. డిస్క్ దీపం ఎప్పుడో ఒకసారి మిణుకుమంటోంది. బయట వాన, కరెంటు రెండుసార్లు పోయి వచ్చింది. బ్యాటరీ నిండుగా ఉంటే ఇరవై నిమిషాలు నిలుస్తుంది, అంతే.

నాన్నగారు మా ఊరి చరిత్ర రాసుకుంటున్నారు. నూట నలభై పేజీలు ఇందులోనే ఉన్నాయి. సంక్రాంతి తర్వాత నకలు తీయలేదు. నన్ను తిట్టడం తర్వాత, ముందు దారి చెప్పండి.

గుండుసూది | 10:49

పవర్ బటన్ పది సెకన్లు నొక్కి పట్టుకోండి. మళ్ళీ ఆన్ చేసి అప్‌గ్రేడ్ మొదలుపెట్టండి. నాకు రెండుసార్లు ఇలాగే పని జరిగింది.

తుంగభద్ర | 10:52

పెసరట్టు గారూ, ఆ బటన్ జోలికి వెళ్ళకండి. గుండుసూది గారికి రెండుసార్లు కలిసివచ్చింది, సంతోషం. మూడోసారికి పూచీ ఎవరిది?

ఇప్పుడు మీ యంత్రం రెండు ఇళ్ళ మధ్య సామాన్ల బండిలా ఉంది. ప్యాకేజీలను ఎక్కించే పనిముట్టు డీపీకేజీ, ప్రతి ప్యాకేజీనీ ముందు విప్పి పెడుతుంది, తర్వాత అమర్చుతుంది. ఈ క్షణంలో కొన్ని వందల ప్యాకేజీలు విప్పినా అమర్చకుండా ఉంటాయి. సీ లైబ్రరీ కొత్తది, దాని మీద నడిచేవాటిలో సగం పాతవి. ఈ స్థితిలో కరెంటు తీస్తే మళ్ళీ లేస్తుందో లేదో నేను చెప్పలేను, మీరూ చెప్పలేరు.

మౌస్ కదులుతోందంటే సిస్టం గుండెకాయ, అదే కెర్నల్, బతికే ఉంది. అంటే చాలా పనులు ఇప్పటికీ చేయవచ్చు. మొదటిది, నాన్నగారి ఫైలు పెన్‌డ్రైవ్‌లోకి తీయండి. ఫైల్ మేనేజర్ తెరుచుకుంటోందా? మిగతా సంగతి తర్వాత మాట్లాడుకుందాం.

రాత్రిషిఫ్టు | 10:55

తుంగభద్ర గారి మాటే నాదీ. దానితోపాటు ఇంకొకటి చూడండి. అప్‌గ్రేడ్ కిటికీలో పచ్చగీత కింద ‘టెర్మినల్’ అనే మాట, పక్కనే చిన్న త్రికోణం ఉంటాయి. దాన్ని నొక్కితే లోపల ఏం జరుగుతోందో కనిపిస్తుంది. అందులో చివరి రెండు వరుసలు ఇక్కడ రాయండి. ఆ త్రికోణాన్ని ఎవరూ నొక్కరు. అసలు కథంతా అక్కడే ఉంటుంది.

గుండుసూది గారూ, నిజంగా బిగుసుకుపోయినా నేరుగా కరెంటు తీయనవసరం లేదు. ఆల్ట్, ప్రింట్‌స్క్రీన్ రెండూ పట్టుకుని వరుసగా ఎస్, యు, బి నొక్కితే డిస్క్‌కు రాయవలసింది రాసి, దాన్ని చదవడానికి మాత్రమే ఉండేలా మార్చి, అప్పుడు రీబూట్ అవుతుంది. ఉబుంటులో ఈ సదుపాయం విలువ 176 అని పెట్టి ఉంటుంది. 16, 32, 128 కలిపితే 176. ఆ మూడు అక్షరాలకు ఆ మూడు అంకెలు. మిగతా అక్షరాలు చాలావరకు అక్కడ పనిచేయవు.

గుండుసూది | 10:58

ఇది నాకు తెలియదు. రాసి పెట్టుకున్నాను.

పెసరట్టు | 11:07

ఫైల్ మేనేజర్ మెల్లగా తెరుచుకుంది. పెన్‌డ్రైవ్ పెట్టాను. ఊరి చరిత్ర ఫోల్డరు మొత్తం నకలు అయింది. నా లాప్‌టాప్‌లో పెట్టి తెరిచి చూశాను, నూట నలభై మూడు పేజీలూ ఉన్నాయి. ఇప్పుడు చేతులు వణకడం ఆగింది.

త్రికోణం నొక్కాను. చివరి వరుసలో ఫైర్‌ఫాక్స్ స్నాప్‌ను ఇన్‌స్టాల్ చేస్తున్నట్టు ఉంది. దాని పైన స్నాప్ స్టోర్‌తో సంబంధం ఉందో లేదో చూస్తున్నట్టు ఉంది. అంతే, ఇంకేమీ లేదు.

రాత్రిషిఫ్టు | 11:10

దొరికింది. ఇంటర్నెట్ ఎక్కడి నుంచి వాడుతున్నారు?

పెసరట్టు | 11:11

ఫోను హాట్‌స్పాట్. ఇంట్లో వైఫై పెట్టించుకోలేదు. కానీ ప్యాకేజీలన్నీ తొమ్మిదికే దిగాయి కదా? ఇంకా ఇంటర్నెట్‌తో పని ఏముంది?

రాత్రిషిఫ్టు | 11:16

అందరూ ఇక్కడే బోల్తా పడతారు. మామూలు ప్యాకేజీలన్నీ ముందే దిగుతాయి, నిజమే. ఆ తర్వాత నెట్ తీసేసినా పని సాగాలి. కానీ 22.04 నుంచి ఫైర్‌ఫాక్స్ మామూలు ప్యాకేజీ కాదు, స్నాప్ అనే వేరే రకం ప్యాకేజీ. ఆ పేరుతో దిగింది ఖాళీ డబ్బా. దాన్ని విప్పబోయే ముందు అది స్నాప్ స్టోర్‌కు వెళ్ళి అసలు బ్రౌజర్‌ను తెచ్చుకుంటుంది. అంటే అప్‌గ్రేడ్ మధ్యలో, విప్పిన సామాన్లన్నీ నడిరోడ్డు మీద ఉండగా, ఇంకో పెద్ద డౌన్‌లోడ్. బ్రౌజర్ ఒక్కటే కాదు, అది నిలబడటానికి కావలసిన మూల స్నాప్‌లు కూడా.

మీ ఫోనులో రోజువారీ డేటా ఎంత? అప్‌గ్రేడ్ ప్యాకేజీలకే అది సరిపోయి ఉంటుందని నా అనుమానం. కోటా దాటాక వేగం 64 కేబీపీఎస్‌కు పడిపోతుంది. అంటే సెకనుకు 8 కిలోబైట్లు. రెండు వందల ఎంబీ దిగాలంటే పాతికవేల సెకన్లు, దాదాపు ఏడు గంటలు. ఆగిపోలేదు, నత్తనడక నడుస్తోంది.

కంట్రోల్, ఆల్ట్, టి నొక్కి ఇంకో టెర్మినల్ తెరవండి. స్నాప్ చేంజెస్ అని కొట్టండి. చివరి వరుసలో ‘డూయింగ్’ అని ఉంటే పని జరుగుతోందని అర్థం.

పెసరట్టు | 11:20

‘డూయింగ్’ అనే ఉంది! ఫోను చూస్తే 9:05కు సందేశం వచ్చింది, ఈ రోజు డేటా మొత్తం వాడేశారని. నేను చూడలేదు. రోజుకు 2 జీబీ.

నల్లబల్ల | 11:22

చెన్నై పెరంబూరు నుంచి. ఇంత తిప్పలు ఎందుకండీ? పన్నెండేళ్ళు దాటిన యంత్రానికి గ్నోమ్ అనే ఉబుంటు డెస్క్‌టాప్, స్నాప్ రెండూ బరువే. ఈ రాత్రే శుభ్రంగా తుడిచి లుబుంటు కానీ, తేలికైన ఎక్స్‌ఎఫ్‌సీఈ డెస్క్‌టాప్‌తో డెబియన్ కానీ పెట్టుకోండి. ఫైలు ఎలాగూ బయటికి తీశారు. నా దగ్గర 2010 నాటి యంత్రం డెబియన్ మీద కిక్కురుమనకుండా నడుస్తోంది.

తుంగభద్ర | 11:27

నల్లబల్ల గారూ, మీ మాటలో తప్పు లేదు. కానీ నడి ఏట్లో ఉన్నవారికి పడవ మార్చమని చెప్పకూడదు. ఒడ్డుకు చేరనివ్వండి, ఆ చర్చ అప్పుడు పెట్టుకుందాం. పైగా యంత్రం పెద్దాయనది. గుర్తులు, బొమ్మలు ఎక్కడివక్కడ లేకపోతే రేపు ఉదయం ఫోను ఎవరికి వస్తుందో నాకు తెలుసు. మా ఇంట్లోనూ ఒక పెద్దాయన ఉన్నారు.

పెసరట్టు గారూ, రెండు దారులున్నాయి. ఇంకొకరి ఫోను నుంచి హాట్‌స్పాట్ ఇవ్వండి, లేదా అర్ధరాత్రి 12 దాకా ఆగండి, కోటా మళ్ళీ మొదలవుతుంది. స్నాప్ తెగిన చోటి నుంచి తనంతట తాను మళ్ళీ ప్రయత్నిస్తుంది. నాకైతే ఆగడమే నయమనిపిస్తోంది.

పెసరట్టు | 11:30

పక్కింటివారు పడుకున్నారు. నాన్నగారి ఫోనులో మీటలు తప్ప ఇంకేమీ లేవు. ఆగుతాను.

పెసరట్టు | ఆదివారం 12:14

పన్నెండు దాటిన రెండు నిమిషాలకు ‘డూయింగ్’ కాస్తా ‘డన్’ వైపు పరుగెత్తింది. ఇప్పుడే ఫైర్‌ఫాక్స్ దాటింది! టెర్మినల్‌లో వరుసలు జలజలా రాలుతున్నాయి. చదవలేకపోతున్నాను గానీ చూడటానికి బాగుంది.

గుండుసూది | 12:16

నేనూ మేలుకునే ఉన్నాను. ఇప్పుడు నిద్రపోతే ఉదయం దాకా ఏమైందో అని కుతూహలం.

పెసరట్టు | 12:41

మళ్ళీ ఆగింది. ఈసారి నెట్ బాగానే ఉంది. త్రికోణం కింద వరుసలు కదలడం లేదు. డిస్క్ దీపం పూర్తిగా ఆరిపోయింది.

రాత్రిషిఫ్టు | 12:44

దీపం పూర్తిగా ఆరిందంటే పని చేయడం లేదు, ఎవరి కోసమో ఎదురుచూస్తోంది. చాలావరకు మీ కోసమే. మిగతా కిటికీలన్నీ ఒక్కొక్కటిగా కిందికి దించండి. వెనక ఏదైనా చిన్న కిటికీ దాక్కుందేమో చూడండి.

పెసరట్టు | 12:50

ఉంది! ఫైల్ మేనేజర్ వెనక ఉంది. మీరు మార్చిన సెట్టింగుల ఫైలును కొత్తదానితో మార్చనా, పాతదే ఉంచనా అని అడుగుతోంది. ఫైలు పేరు లాగిన్‌డీ.కాన్ఫ్, సిస్టమ్‌డీ ఫోల్డరులోది. నేను ఎప్పుడు మార్చానో నాకే గుర్తులేదు. ఏం నొక్కాలి?

నాన్నగారు నిద్రలేచి వచ్చి తెర చూశారు. ‘ప్రశ్న వేసి పాపం ఇంతసేపు నిలబడిందా?’ అన్నారు. ముప్ఫై ఏళ్ళు లెక్కల మాస్టారుగా చేసిన మనిషి.

తుంగభద్ర | 12:53

తొందరలేదు, ఆ కిటికీ ఎంతసేపైనా ఆగుతుంది. రెండింటికీ మధ్య తేడా చూపించే మీట కూడా అందులోనే ఉంటుంది. అది నొక్కితే మీరు చేర్చిన వరుస కనబడుతుంది. అదే టెర్మినల్‌లో వస్తే వై, ఐ, ఎన్, ఓ, డి, జెడ్ అని ఆరు అక్షరాలు ఇస్తుంది. వై లేదా ఐ అంటే కొత్తది, ఎన్ లేదా ఓ అంటే పాతది, డి అంటే తేడా చూపు. ఊరకే ఎంటర్ కొడితే పాతదే ఉంటుంది.

పెసరట్టు | 12:57

చూశాను. నేను చేర్చింది ఒకే వరుస. హ్యాండిల్‌లిడ్‌స్విచ్ దగ్గర ఇగ్నోర్ అని ఉంది. ఇప్పుడు గుర్తొచ్చింది. 2021లో ఇంటి నుంచి పని చేసేటప్పుడు ఈ లాప్‌టాప్‌కు పెద్ద తెర తగిలించి వాడాను. మూత మూసినా నిద్రపోకూడదని పెట్టాను.

ఇంకో సంగతి. నాన్నగారు ఇప్పుడే చెప్పారు: పదకొండున్నరకు నేను వంటగదిలో పాలు కాస్తుండగా ‘కరెంటు దండగ’ అని మూత దించారట! నేను వచ్చి చూసి, గాలికి మూసుకుపోయిందనుకుని తెరిచాను.

రాత్రిషిఫ్టు | 12:59

అమ్మయ్య. ఆ వరుస లేకపోతే అప్‌గ్రేడ్ మధ్యలో యంత్రం నిద్రపోయేదేమో. 2021లో మీరు మీకే మేలు చేసుకున్నారు. పాతదే ఉంచండి.

పెసరట్టు | 1:26

ఉంచాను, ముందుకు సాగింది. కానీ ఇప్పుడు పెద్ద ఎర్ర గుర్తుతో సందేశం. అప్‌గ్రేడ్‌లను ఇన్‌స్టాల్ చేయలేకపోయాం, మీ సిస్టం వాడలేని స్థితిలో ఉండవచ్చు అని! టెర్మినల్‌లో ఇనిట్రామ్‌ఎఫ్‌ఎస్, జడ్‌స్టాండర్డ్, డివైస్‌లో చోటు లేదు అని ఉంది. డిస్క్‌లో ఇంకా 180 జీబీ ఖాళీ ఉంది కదా?

తుంగభద్ర | 1:29

భయపడకండి. రీబూట్ మాత్రం చేయకండి. కిటికీ మూసినా నష్టం లేదు. టెర్మినల్‌లో డీఎఫ్, ఖాళీ, హైఫన్ హెచ్, ఖాళీ, స్లాష్ బూట్ అని కొట్టి చూపండి.

పెసరట్టు | 1:32

మొత్తం 472 ఎంబీ. వాడినది 99 శాతం.

తుంగభద్ర | 1:44

అనుకున్నదే. మీ డిస్క్ సంకేతపదంతో తాళం వేసినది కదా? 16.04 రోజుల్లో అలా పెడితే /బూట్‌కు విడిగా చిన్న గది కట్టేవారు. మీ 180 జీబీ పక్క గదిలో ఉంది, ఈ గదికి పనికిరాదు. యంత్రం ఆన్ కాగానే కెర్నల్‌ను లేపే గ్రబ్, తాళం తీయకుండానే చదవగలిగేలా కెర్నళ్ళు ఈ చిన్న గదిలోనే ఉండాలి.

కెర్నల్ ఫైలు చిన్నదే. పెద్దది దాని జంట, ఇనిట్రామ్‌ఎఫ్‌ఎస్. డిస్క్ తెరవడానికి కావలసిన డ్రైవర్లు, సంకేతపదం అడిగే తెర, అన్నీ అందులోనే మూటకట్టి ఉంటాయి. ఒక్కొక్కటి వంద ఎంబీకి అటూఇటూ. పైగా పాత మూటను మార్చేటప్పుడు కొత్తదాన్ని పక్కన పూర్తిగా కట్టాకే పాతది తీస్తుంది. అంటే ఆ కాసేపు రెండింటికీ చోటు కావాలి.

ఇప్పుడు రీబూట్ చేస్తే ఏమవుతుందో అర్థమైంది కదా. కొత్త కెర్నల్‌కు మూట లేదు. సంకేతపదం అడిగేవారే ఉండరు. గ్రబ్‌లో పాత కెర్నల్ ఎంచుకుని లోపలికి రావచ్చు, నిజమే. కానీ అక్కడిదాకా తెచ్చుకోవడం ఎందుకు?

గుండుసూది | 1:46

అడగవచ్చో లేదో గానీ, మొదట్లోనే చోటు చూసుకుంటుంది కదా? నాకు ఒకసారి /బూట్‌లో ఇంత ఖాళీ కావాలని చెప్పి అక్కడే ఆపేసింది.

రాత్రిషిఫ్టు | 1:48

చూస్తుంది. కానీ అది అంచనా. మూట కట్టేదాకా దాని అసలు బరువు తెలియదు.

నల్లబల్ల | 1:50

నేను ఇలాంటప్పుడు /బూట్‌లోకి వెళ్ళి పాత ఇనిట్రామ్‌ఎఫ్‌ఎస్ ఫైళ్ళను నేరుగా తొలగిస్తాను. ఒక్క ఆదేశం, పది సెకన్ల పని.

తుంగభద్ర | 1:55

మీ చేతికి అలవాటు, మీరు చేయగలరు. ఒంటిగంట దాటాక నిద్రకళ్ళతో ఉన్నవారికి ఆ ఆదేశం చెప్పను. అంకె ఒకటి తప్పుగా కొడితే నడుస్తున్న కెర్నల్ మూటే పోతుంది. పైగా డీపీకేజీ పద్దులో ఆ కెర్నల్ ఇంకా ఉన్నట్టే ఉంటుంది, మళ్ళీ దానికి మూట కట్టడానికి చూస్తుంది, గది మళ్ళీ నిండుతుంది. పద్దుతో సహా తీసేయడమే మంచిది.

పెసరట్టు గారూ, ముందు యునేమ్ హైఫన్ ఆర్ కొట్టండి. అది చూపేది ఇప్పుడు నడుస్తున్న కెర్నల్ అంకె, కాగితం మీద రాసుకోండి. దాన్ని ముట్టుకోకూడదు. తర్వాత డీపీకేజీ జాబితాలో లినక్స్-ఇమేజ్‌తో మొదలయ్యేవి ఏమేమి ఉన్నాయో చూడండి. వరుస మొదట్లో రెండు ఐలు ఉన్నవి పూర్తిగా అమరినవి.

వేదిక నిర్వహణ | 1:56

చిన్న గమనిక: ఇక్కడ ఆదేశాలను తెలుగు లిపిలో పలుకుబడిగా రాస్తున్నాం. యంత్రంలో ఇంగ్లీషు అక్షరాలతో, అన్నీ చిన్న అక్షరాలుగా కొట్టాలి. పోయిన నెల ఒకరు తెలుగులోనే కొట్టి, ‘ఆదేశం కనబడలేదు’ అంటోందని మనకే ఫిర్యాదు చేశారు.

పెసరట్టు | 2:03

నడుస్తున్నది 5.4.0-216. కాగితం మీద రాసి తెర మూలకు అంటించాను. జాబితాలో 212, 214, 216 ఉన్నాయి. కొత్తది 5.15 సగం అమరి ఉంది.

తుంగభద్ర | 2:08

212ను తీసేద్దాం. సుడో, డీపీకేజీ, రెండు హైఫన్లతో పర్జ్, ఆ తర్వాత అదే అంకె ఉన్న రెండు ప్యాకేజీల పేర్లు ఒకే వరుసలో: లినక్స్-ఇమేజ్, లినక్స్-మాడ్యూల్స్-ఎక్స్‌ట్రా. రెండూ కలిపి ఇవ్వాలి, లేకపోతే ఒకదాని మీద ఒకటి ఆధారపడ్డాయని ఒప్పుకోదు. ఎంటర్ కొట్టే ముందు అంకె గట్టిగా చదవండి. నాన్నగారిని పక్కన కూర్చోబెట్టుకోండి, లెక్కల మాస్టారి కన్ను మంచిది.

అది పోయాక 214 కూడా అలాగే.

పెసరట్టు | 2:21

నాన్నగారు అంకెలు చదివారు, నేను కొట్టాను. రెండూ పోయాయి. /బూట్‌లో ఇప్పుడు వాడినది 57 శాతం.

తుంగభద్ర | 2:23

శభాష్. ఇప్పుడు సుడో డీపీకేజీ, రెండు హైఫన్లతో కన్ఫిగర్, ఖాళీ, హైఫన్ ఏ. విప్పి అమర్చకుండా మిగిలినవన్నీ అమర్చుతుంది. హార్డ్ డిస్క్ పాతది కాబట్టి నెమ్మదిగా సాగుతుంది. అది ముగిశాక ఏపీటీకి రెండు హైఫన్లతో ఫిక్స్-బ్రోకెన్, ఇన్‌స్టాల్. చివర ఏపీటీ ఫుల్-అప్‌గ్రేడ్.

ఈ లోపు తాళం దొరకలేదు, ఇంకో ప్రక్రియ పట్టుకుని ఉంది అని ఏదైనా వస్తే ఆగి ఇక్కడ చెప్పండి. నెట్‌లో తాళం ఫైలు తొలగించమని పది చోట్ల రాసి ఉంటుంది. పట్టుకున్న ప్రక్రియ నడుస్తుండగా ఫైలు తీసేస్తే ఇద్దరు ఒకే పద్దు మీద ఒకేసారి రాసినట్టు అవుతుంది.

పెసరట్టు | 3:12

మూడూ ముగిశాయి. తప్పులేవీ లేవు. మూట కూడా కట్టింది, /బూట్ స్లాష్ ఇనిట్‌ఆర్‌డీ 5.15 అని కనబడుతోంది. ఇప్పుడు రీబూట్ చేయవచ్చా?

రాత్రిషిఫ్టు | 3:13

చేయండి. మేమూ ఊపిరి బిగబట్టాం.

పెసరట్టు | 3:19

ఊదారంగు తెర వచ్చింది. కాసేపు నల్లగా. తర్వాత సంకేతపదం అడిగింది! 22.04 వచ్చింది. యునేమ్‌లో 5.15 ఉంది. ఊరి చరిత్ర ఫైలు తెరిచాం, ఒక్క అక్షరం కూడా చెదరలేదు. నాన్నగారు మొదట చూసింది పేజీ సంఖ్య. అందరికీ కృతజ్ఞతలు. పడుకుంటున్నాను.

గుండుసూది | 3:20

హమ్మయ్య. నేనూ.

నల్లబల్ల | ఆదివారం ఉదయం 9:35

ఒడ్డుకు చేరారు కాబట్టి ఇప్పుడు చెప్పవచ్చు కదా. 4 జీబీతో గ్నోమ్ ఈడుస్తుంది. ఎక్స్‌ఎఫ్‌సీఈ డెస్క్‌టాప్‌ను పక్కన చేర్చుకుని, లాగిన్ తెరలో పళ్ళచక్రం గుర్తు నొక్కి మార్చి చూడండి. నచ్చకపోతే పాతది అక్కడే ఉంటుంది.

బేరగాడు | 10:10

రాత్రి నేను లేను, నష్టపోయాను. కంప్యూటర్ భాగాలు అమ్మే ఎస్పీ రోడ్డుకు ఒకసారి వెళ్ళి రండి. చిక్కపేట మెట్రోలో దిగితే నడిచి వెళ్ళవచ్చు. మూడో తరం యంత్రానికి లాప్‌టాప్ డీడీఆర్3 ర్యామ్ కావాలి. డీడీఆర్4 ఇస్తామంటే తీసుకోకండి, గాడిలో గంటు వేరే చోట ఉంటుంది, ఎక్కదు. పాత డిస్క్ తీసి సాటా ఎస్‌ఎస్‌డీ పెట్టించండి, అసలు తేడా అక్కడే తెలుస్తుంది. మందం చూసుకోండి, పాత డిస్క్ సాధారణంగా 9.5 మిల్లీమీటర్లు, ఎస్‌ఎస్‌డీ 7. వదులుగా ఉంటే పక్కన పెట్టే చిన్న చట్రం అడిగి తీసుకోండి. మొదట చెప్పిన ధరకు కొంటే మాత్రం నాకు చెప్పకండి, నా మనసు కష్టపడుతుంది.

కొత్త డిస్క్ పెట్టేటప్పుడు /బూట్‌కు ఒక జీబీ అయినా ఇవ్వండి.

పెసరట్టు | 11:48

వచ్చే వారం వెళ్తాం. లేవగానే చూస్తే 24.04 వచ్చింది, ఇప్పుడే మారతారా అని తెర మీద ఒక కిటికీ. ‘తర్వాత’ నొక్కాను.

తుంగభద్ర | 11:55

మంచి పని చేశారు. అక్కడ థండర్‌బర్డ్ కూడా స్నాప్ అయింది. ఆ రోజు వైఫై ఉన్న ఇంట్లో కూర్చోండి. మూత సంగతి ఒకసారి చూశారా, ఆ సెట్టింగు నిలిచిందా?

పెసరట్టు | 12:02

నిలిచింది. నాన్నగారు ఇప్పుడే మూత దించి, చెవి ఆనించి విన్నారు. లోపల డిస్క్ తిరుగుతోందట.